పాట ఏ నాణెంతో? ఉమ్మడి కంప్యూటరు, ఉమ్మడి విద్యుత్తు పంపకంలో వేలం పద్ధతి

తెలుగు గ్రామానికి వేలంపాట కొత్త కాదు. దేవాలయ మాన్యం కౌలు, చెరువులోని చేపలు, బాట పక్కన చింతచెట్ల కాపు, వారపు సంతలో ఆశీలు వసూలు చేసుకునే హక్కు తరతరాలుగా పాటలోనే తేలుతున్నాయి. గుంటూరు మిరప యార్డులోనైనా, పొగాకు బోర్డు వేలం కేంద్రాలలోనైనా రైతు ఏడాది శ్రమకు ధర కట్టేది పాటే. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టు, అంటే ఈ-నామ్, ఆ పాటను కంప్యూటరు తెర మీదికి తెచ్చింది. అయితే అదే గ్రామం చెరువులోని చేపలను వేలం వేసినంత సులువుగా చెరువులోని నీటిని వేలం వేయలేదు. తెలంగాణలో నీరటి, రాయలసీమలో నీరుగంటి ఆయకట్టు మడులకు వంతుల ప్రకారం నీరు పారించేవాడు. ఎండిన సంవత్సరంలో అందరి వంతూ తగ్గేది గాని, సొమ్మున్నవాని మడికి మాత్రమే నీరు పారాలనే నియమం ఉండేది కాదు. చేపలకు పాట, నీటికి వంతు అనే ఈ విభజన వెనుక ఒక ఆలోచన ఉంది. ఏది పోగొట్టుకుంటే మనిషి బ్రతుకుతెరువే పోతుందో దానిని నగదు పాటకు పెట్టరాదన్నదే ఆ ఆలోచన.

నేడు వ్యవసాయ పరిశోధన, విస్తరణ రంగాల ముందు రెండు ఉమ్మడి వనరులు ఉన్నాయి. ఒకటి విశ్వవిద్యాలయాలలో అనేక విభాగాలు కలసి వాడుకునే గణన సామర్థ్యం. రెండవది వ్యవసాయ ఫీడర్ల మీద వేలాది బోరుబావులు కలసి వాడుకునే విద్యుత్తు. రెండింటి పంపకానికీ వేలం పద్ధతులను అర్థశాస్త్రజ్ఞులు, కంప్యూటరు శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా ప్రతిపాదిస్తున్నారు. వీటిని చేపలుగా చూడాలా, నీరుగా చూడాలా అన్నది అసలు చర్చ. వేలం మంచిదా, చెడ్డదా అని అడిగితే ఈ చర్చ తెగదు. పాట ఏ నాణెంతో పాడుతున్నారు, ఆ నాణెం ఎవరి చేతికి ఎలా వచ్చింది అని అడిగినప్పుడే సమాధానం దొరుకుతుంది.

వరుస, వంతు, పలుకుబడి

వేలం లేని చోట పంపకం సాధారణంగా మూడు విధాలుగా జరుగుతుంది. మొదటిది వరుస, ముందు వచ్చినవారికి ముందు. రెండవది వంతు, అందరికీ సమానంగా, లేదా విస్తీర్ణాన్ని బట్టి. మూడవది ఎక్కడా వ్రాసి ఉండనిది, పలుకుబడి. వరుసకు ఉన్న లోపం అది తొందరను గుర్తించలేకపోవడం. ఒక పరిశోధకుడు ఆరునెలల తరువాత అవసరమయ్యే జన్యుక్రమ విశ్లేషణను పెట్టి పది రోజులపాటు యంత్రాన్ని ఆక్రమిస్తే, వారంలో సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన విద్యార్థి అతని వెనుక నిలబడవలసి వస్తుంది. వంతుకు ఉన్న లోపం అది అవసరాల తేడాను గుర్తించలేకపోవడం. పైరు పొట్ట దశలో ఉన్న పొలానికీ, కోత పూర్తయిన పొలానికీ అదే నాడు అదే వంతు వస్తే నీరు వృథా అవుతుంది. ఈ రెండు లోపాలను సరిదిద్దే పేరుతో ప్రవేశించేది పలుకుబడి. విభాగాధిపతి ఫోను చేస్తే ముందుకు జరిగే పని, పరిచయం ఉంటే త్వరగా బాగుపడే ట్రాన్స్‌ఫార్మరు ఆ కోవకు చెందినవే. కనుక వేలాన్ని ఆదర్శవంతమైన వంతుతో మాత్రమే పోల్చడం న్యాయం కాదు; ఆచరణలో వంతు స్థానంలో తిష్ఠ వేసిన పలుకుబడితో కూడా పోల్చవలసి ఉంటుంది.

పాట చేసే మేలు

వేలం చేసే ప్రధానమైన మేలు సమాచారాన్ని వెలికి తీయడం. ఎవరికి ఎంత అవసరమో పంచేవారికి తెలియదు. అడిగితే ప్రతివారూ తమదే అత్యవసరమంటారు. ఆ మాటకు వెల కట్టవలసి వచ్చినప్పుడు మాత్రమే నిజం బయటపడుతుంది. 1961లో విలియం విక్రీ ప్రచురించిన సిద్ధాంతం ఈ విషయాన్ని మరొక మెట్టు ఎక్కించింది. సీల్డు కవరులో పాట పెట్టి, అత్యధిక పాటదారుకు వస్తువు ఇచ్చి, ధర మాత్రం రెండవ స్థానంలో ఉన్న పాట మేరకే వసూలు చేస్తే, ప్రతి ఒక్కరూ తమ మనసులోని అసలు విలువనే వ్రాయడం వారికే లాభకరమని ఆయన నిరూపించాడు. 1996లో ఆయనకు అర్థశాస్త్ర నోబెల్ పురస్కారం లభించింది. వేలం సిద్ధాంతంలో కృషికి 2020లో పాల్ మిల్‌గ్రోమ్, రాబర్ట్ విల్సన్ అదే పురస్కారాన్ని పొందారు.

విద్యార్థులకు సులభంగా బోధపడేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. పెద్ద జ్ఞాపకశక్తి గల కంప్యూటరు మీద ఒక రాత్రి 12 గంటల వ్యవధి ఖాళీగా ఉంది. సస్య ప్రజనన విభాగపు విద్యార్థిని 60 టోకెన్లు, కీటకశాస్త్ర విద్యార్థి 45 టోకెన్లు, సేద్య విభాగపు పరిశోధకుడు 20 టోకెన్లు పాట పెట్టారు. రాత్రి ఆమెకు దక్కుతుంది. చెల్లించేది 45 టోకెన్లే. ఆమె 60కి బదులు 50 వ్రాసినా చెల్లింపు 45 వద్దనే ఉండేది, అంటే తగ్గించి వ్రాయడం వల్ల ఒక్క టోకెను కూడా మిగలదు. 40 వ్రాసి ఉంటే తనకు 60 విలువ గల రాత్రిని కోల్పోయేది. కీటకశాస్త్ర విద్యార్థి గెలవాలనే పట్టుదలతో 70 వ్రాసి ఉంటే, తనకు 45 మాత్రమే విలువైన దానికి 60 చెల్లించి నష్టపోయేవాడు. ఇతరులు ఎంత పాడతారో ఊహించే శ్రమ లేకుండా ఉన్నదున్నట్లు చెప్పగలగడమే ఈ పద్ధతిలోని సుగుణం.

కంప్యూటరు గదిలో వేలం

కంప్యూటరు కాలాన్ని వేలం వేయడం ఇటీవలి ఆలోచన కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని పీడీపీ-1 యంత్రం పంపకంలో పాటించిన పద్ధతిని ఇవాన్ సదర్లాండ్ 1968లో ఒక చిన్న వ్యాసంలో వివరించాడు. అక్కడి వాడకందారులు డాలర్లతో పాడలేదు. వారికి ‘యెన్’ అనే కృత్రిమ నాణెం కేటాయించారు. ముఖ్యమైన పనులు చేసేవారికి ఎక్కువ యెన్‌లు, ఇతరులకు తక్కువ. రాబోయే రోజుల వ్యవధులను పట్టికలో ఉంచి, వాటి మీద యెన్‌లతో పాట పాడేవారు. వాడుక ముగిసిన తరువాత ఆ యెన్‌లు మళ్లీ వారికే చేరేవి. అందువల్ల దాచుకోవలసిన పనిగాని, నెలాఖరులో మిగిలినది తొందరపడి ఖర్చు చేయవలసిన పనిగాని ఉండేది కాదు. నెలవారీ కోటాల వల్ల వచ్చే ఎగుడుదిగుడులు ఈ పద్ధతిలో తొలగిపోతాయని ఆయన ప్రత్యేకంగా పేర్కొన్నాడు. బడ్జెట్టు మురిగిపోతుందని మార్చి నెలలో హడావిడిగా కొనుగోళ్లు చేసే సంస్థలకు ఈ పరిశీలన సులభంగానే అర్థమవుతుంది.

నగదుతో సాగిన వేలానికి అమెజాన్ సంస్థ 2009 డిసెంబరులో ప్రారంభించిన ‘స్పాట్’ పద్ధతి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఖాళీగా ఉన్న గణన సామర్థ్యానికి వాడకందారులు తాము ఇవ్వగల గరిష్ఠ ధర చెప్పేవారు. మార్కెట్టు ధర దానిని మించితే వారి పని మధ్యలో ఆగిపోయేది. 2017 చివరలో ఆ సంస్థ ఈ విధానాన్ని మార్చింది. ధర నెమ్మదిగా మారేటట్లు చేసి, పాట పెట్టవలసిన అవసరాన్ని తొలగించింది. సిద్ధాంతపరంగా ఎంత చక్కని వేలమైనా నిత్యం పాట పాడడం మనుషులకు భారమని ఈ మార్పును బట్టి భావించవచ్చు. ఏ వేలం రూపకల్పనలోనైనా సరళతకు సామర్థ్యంతో సమానమైన స్థానం ఇవ్వాలి.

విద్యుత్తు ఎక్స్ఛేంజిలో వేలం

భారతదేశంలో విద్యుత్తు వేలం నిత్యకృత్యమై చాలా కాలమైంది. ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజి 2008 జూన్ 27న పనిచేయడం ప్రారంభించింది. మరుసటి రోజు సరఫరాకు జరిగే వేలంలో రోజును 15 నిమిషాల చొప్పున 96 భాగాలుగా విభజిస్తారు. ప్రతి భాగానికీ అమ్మేవారు, కొనేవారు రహస్యంగా పాటలు పెడతారు. అమ్మేవారి పాటలను తక్కువ ధర నుంచి పైకి, కొనేవారి పాటలను ఎక్కువ ధర నుంచి క్రిందికి పేర్చగా ఆ రెండూ కలిసే చోట ధర నిర్ణయమవుతుంది. ఎంపికైన వారందరికీ అదే ధర వర్తిస్తుంది. అరగంటకు ఒకసారి జరిగే తక్షణ మార్కెట్టు 2020 జూన్ 1న దీనికి తోడైంది.

ఈ వేలం కూడా కట్టుబాటు లేకుండా సాగదు. 2022 వేసవి ఆరంభంలో ధర గరిష్ఠ పరిమితి అయిన యూనిట్‌కు 20 రూపాయలను తాకినప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆ పరిమితిని 12 రూపాయలకు, 2023లో 10 రూపాయలకు తగ్గించింది. కొరత తీవ్రమైన వేళ పాటను దాని ఇష్టానికి వదలరాదని నియంత్రణ సంస్థే గుర్తించిందన్నమాట.

పల్లెలోని రైతు ఈ వేలంలో పాట పాడడు. కాని దాని ఫలితం అతని మోటారు దాకా వస్తుంది. మధ్యాహ్నం సౌర విద్యుత్తు సమృద్ధిగా ఉన్నప్పుడు ఎక్స్ఛేంజి ధర పడిపోతుంది. సూర్యాస్తమయం తరువాత పెరుగుతుంది. 2017 ఏప్రిల్‌లో కడప సౌర పార్కుకు ఎన్.టి.పి.సి. నిర్వహించిన రివర్స్ వేలంలో, అంటే తక్కువ ధర చెప్పిన ఉత్పత్తిదారుకు అవకాశం దక్కే వేలంలో, ధర యూనిట్‌కు 3 రూపాయల 15 పైసలకు దిగింది. వ్యవసాయ విద్యుత్తును రాత్రి నుంచి పగటికి మార్చడం పంపిణీ సంస్థలకు సాధ్యం కావడానికి సౌర విద్యుత్తు ధరల ఈ పతనం ఒక ముఖ్య కారణం. అర్ధరాత్రి టార్చిలైటుతో పొలానికి వెళ్లి పాముకాటుకు, విద్యుదాఘాతానికి గురయ్యే ప్రమాదం నుంచి రైతు కొంత బయటపడడానికి ఎక్కడో జరిగిన ఒక వేలం తోడ్పడింది. కనుక వేలాన్ని మొత్తంగా తిరస్కరించడం కూడా సరికాదు.

మూలా పట్టణం నేర్పిన పాఠం

అయితే సాగుకు ప్రాణాధారమైన వనరును రైతుల మధ్యనే నగదుకు వేలం వేస్తే ఏమవుతుంది? దీనికి స్పెయిన్ దేశపు అనుభవంలో సమాధానం ఉంది. ఆగ్నేయ స్పెయిన్‌లోని ముర్సియా ప్రాంతంలో మూలా అనే పట్టణం ఉంది. మధ్యయుగాల నుంచి 1966 వరకు అక్కడ సాగునీటిని వారం వారం వేలం వేసేవారు. పాట గెలిచిన రైతు నగదు చెల్లించి నీరు పారించుకునేవాడు. 1966లో ఆ పద్ధతి ముగిసి, భూమిని బట్టి కోటాలు వచ్చాయి. సామాన్య అర్థశాస్త్ర తర్కం ప్రకారం ఈ మార్పు వల్ల సామర్థ్యం తగ్గాలి. వేలంలో నీరు దానికి అత్యధిక విలువ ఇచ్చేవానికి చేరుతుంది కదా!

హవియర్ డొన్నా, హొసే అంటోనియో ఎస్పిన్ సాంచెస్ అనే పరిశోధకులు పాత వేలం పత్రాలను పరిశీలించి దీనికి భిన్నమైన నిర్ధారణకు వచ్చారు. అక్కడి ప్రధాన పంట ఆప్రికాట్. చెట్లకు నీరు అత్యవసరమయ్యేది కాయ కోతకు ముందు. ఆ సమయంలోనే నీటి ధర పెరిగేది. ఆ సమయంలోనే రైతు చేతిలో నగదు ఉండేది కాదు. ఒకే రకమైన చెట్లు గల ఇద్దరిలో వేరే ఆస్తులున్న రైతు ఆ కీలక సమయంలో నీరు కొనగలిగేవాడు, లేనివాడు కొనలేకపోయేవాడు. పేద రైతు తక్కువ పాట పాడడానికి కారణం అవసరం తక్కువ కావడం కాదు. జేబు ఖాళీ కావడం. అందువల్ల అక్కడ వేలం కన్నా కోటాయే ఎక్కువ సమర్థమైనదని వారు తేల్చారు. న్యాయం కోసం సామర్థ్యాన్ని వదులుకోవలసి వచ్చిందని చెప్పే సందర్భం ఇది కాదు. నగదు లేమి ఉన్న చోట వేలం న్యాయాన్నీ, సామర్థ్యాన్నీ రెండింటినీ కోల్పోతుందని చెప్పే సందర్భం.

విత్తనాలు, ఎరువులు, కూలీల ఖర్చులకు అప్పు చేసి, కోతల దాకా చేతిలో పైకం లేని ఆంధ్ర, తెలంగాణ రైతుకు ఈ పరిస్థితిని వివరించి చెప్పవలసిన పనిలేదు. సెప్టెంబరులో వానలు మొహం చాటేసిన నాడు ఫీడరు గంటలకు నగదు వేలం పెడితే గెలిచేది ఎండుతున్న పైరు కాదు, బ్యాంకు ఖాతా.

అదే సమయంలో మూలా ఫలితానికి ఒక పరిమితి ఉన్నదని కూడా గుర్తుంచుకోవాలి. అక్కడ రైతులందరిదీ దాదాపు ఒకే పంట, ఒకే కాలంలో ఒకే అవసరం. అవసరాలు ఒకటే అయినప్పుడు సమాన కోటా సరిపోతుంది. అవసరాలు వేరువేరైనప్పుడు, వేరువేరు వేళల్లో కలిగినప్పుడు కోటా ఒక్కటే చాలదు.

నాణెం మారితే పాట మారుతుంది

అవసరాలు వేరువేరుగా ఉండి, స్తోమతులు కూడా వేరువేరుగా ఉన్న చోట ఏమి చేయాలన్న ప్రశ్నకు అమెరికాలోని ఆహార బ్యాంకుల సమాఖ్య 2005లో ఒక సమాధానం కనుగొన్నది. నేడు ఫీడింగ్ అమెరికా అనే పేరుతో ఉన్న ఈ సంస్థ, దాతలు ఇచ్చిన ఆహారాన్ని దేశవ్యాప్తంగా ఉన్న ఆహార బ్యాంకులకు పంచుతుంది. పూర్వం వరుస పద్ధతి ఉండేది. వరుసలో ముందున్న బ్యాంకుకు ఆ రోజు ఏ ఆహారం ఉంటే అది ఇవ్వజూపేవారు. దాని వద్ద అదే ఆహారం అప్పటికే నిండుగా ఉన్నదో లేదో పంచేవారికి తెలిసే మార్గం లేదు. షికాగో విశ్వవిద్యాలయ ఆచార్యుల తోడ్పాటుతో దాని స్థానంలో వేలం వచ్చింది. కాని పాడేది డాలర్లతో కాదు, ‘షేర్లు’ అనే కృత్రిమ నాణెంతో. ఎక్కువమంది పేదలకు సేవ చేసే బ్యాంకుకు ఎక్కువ షేర్లు. ఖర్చయిన షేర్లు ప్రతిరోజూ తిరిగి అందరికీ పంపిణీ అవుతాయి. చిన్న బ్యాంకులు కలసి పాట పాడవచ్చు, అవసరమైతే షేర్లు అప్పు తీసుకోవచ్చు. స్థానికంగా దాతలు తక్కువగా ఉన్న బ్యాంకులు తమకు కావలసిన నిల్వ ఆహారాన్ని ఏరుకోగలిగాయి.

సదర్లాండ్ యెన్, ఆహార బ్యాంకుల షేరు ఒకే సూత్రం మీద నిలిచాయి. నాణెం పంపకంలో సమాజం తన న్యాయదృష్టిని చూపుతుంది. ఆ నాణెంతో పాడే పాటలో వ్యక్తి తన అవసరాన్ని చూపుతాడు. మొదటిది సమష్టి నిర్ణయం, రెండవది వ్యక్తి నిర్ణయం. నగదు వేలంలో ఈ రెండూ కలగలసిపోవడమే చిక్కు.

విశ్వవిద్యాలయ కంప్యూటరు కేంద్రాలకు వర్తింపు

పై సూత్రాన్ని ఆచరణలో పరీక్షించడానికి అనువైన మొదటి చోటు వ్యవసాయ విశ్వవిద్యాలయాల గణన కేంద్రాలే. జన్యుక్రమ విశ్లేషణ, పంటల అనుకరణ నమూనాలు, ఉపగ్రహ చిత్రాల వర్గీకరణ వంటి పనులు నేడు స్నాతకోత్తర స్థాయికి కూడా వచ్చాయి. భారతీయ వ్యవసాయ గణాంక పరిశోధనా సంస్థలో 2014లో ప్రారంభమైన ‘అశోక’ సూపర్ కంప్యూటింగ్ కేంద్రం వంటి ఉమ్మడి వసతులు ఉన్నప్పటికీ, ప్రతి సంస్థలోనూ స్థానిక యంత్రాల కోసం పోటీ తప్పదు. ఇక్కడ అవసరాలు వేరువేరు, తొందరలు వేరువేరు. కనుక సమాన వంతు చాలదు. పెద్ద ప్రాజెక్టులున్న విభాగానికీ, నిధులు లేని విద్యార్థికీ స్తోమతులు వేరువేరు. కనుక నగదు వేలం తగదు. టోకెన్ల వేలమే ఇక్కడ సరైన మార్గం.

దాని రూపకల్పనలో ఐదు నియమాలు అవసరం. మొదటిది, టోకెన్లలో ఒక భాగం ప్రతి పరిశోధక విద్యార్థికీ సమానంగా అందాలి. మిగిలినది విద్యా మండలి బహిరంగంగా ప్రకటించిన ప్రాధాన్యాల ప్రకారం విభాగాలకు చేరాలి. రెండవది, టోకెన్లను సొమ్ముకు అమ్మడం నిషిద్ధం కావాలి. లేకపోతే కృత్రిమ నాణెం దొడ్డిదారిన నగదుగా మారుతుంది. మూడవది, వాడిన టోకెన్లు నిర్ణీత కాలం తరువాత తిరిగి రావాలి. నాలుగవది, యంత్ర సమయంలో కొంత భాగాన్ని నేర్చుకునే విద్యార్థుల కోసం పాటకు వెలుపల ఉంచాలి. ఐదవది, వాడకందారు తన పని ఎప్పటిలోగా పూర్తికావాలో, గరిష్ఠంగా ఎన్ని టోకెన్లు ఇవ్వగలడో ఒక్కసారి చెబితే చాలు; అతని తరఫున పాట పాడే పని సాఫ్ట్‌వేరుకు అప్పగించాలి.

గణనకూ, విద్యుత్తుకూ ఉన్న సంబంధాన్ని కూడా ఈ ధరలోనే ఇమడ్చవచ్చు. కంప్యూటర్లు, వాటిని చల్లబరచే యంత్రాలు కలసి గణనీయమైన విద్యుత్తును వాడతాయి. పైకప్పు మీద సౌర ఫలకాలున్న ప్రాంగణంలో మధ్యాహ్నపు గంటలకు కనీస పాటను తగ్గించి, సాయంత్రపు గంటలకు పెంచితే, తొందరలేని పనులు తమంతట తామే ఎండ ఉన్న వేళకు జరుగుతాయి. మధ్యలో ఆపి మళ్లీ కొనసాగించగల గణనకూ, పొలం కుంటలోకి నీరు తోడే మోటారుకూ ఈ విషయంలో పోలిక ఉంది. రెండూ కాసేపు ఆగినా నష్టం లేనివి. రెండూ ఆగడానికి తగిన ప్రతిఫలం కోరదగినవి.

మరొక ప్రయోజనం పరిపాలనకు సంబంధించినది. ఏడాది పొడవునా ధర ఎక్కువగా ఉంటే కొత్త యంత్రం కొనవలసిన అవసరానికి అది సాక్ష్యం. రెండు నెలలు మాత్రమే ధర పెరిగి, మిగిలిన కాలమంతా పడిపోతే కావలసినది కొత్త యంత్రం కాదు, పనుల సర్దుబాటు. ఇటువంటి సాక్ష్యం వరుస పద్ధతిలో దొరకదు.

వ్యవసాయ ఫీడరుకు వర్తింపు

ఫీడరు విషయం మరింత సున్నితమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటల సరఫరాగా మారింది. ఈ విధానం లక్షలాది కుటుంబాలను నిలబెట్టిందన్నది వాస్తవం. ధర లేని విద్యుత్తు వల్ల భూగర్భజలం మీద ఒత్తిడి పెరిగిందన్నదీ వాస్తవమే. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజులలో రైతులు అమర్చుకున్న ఆటో స్టార్టర్లు, సరఫరా వచ్చిన ప్రతిసారీ అవసరం ఉన్నా లేకున్నా నీరు తోడాయి. 24 గంటల సరఫరా ఇచ్చినప్పుడు వాటిని తొలగించుమని తెలంగాణ ప్రభుత్వం రైతులకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

ఇక్కడ వేలానికి తగిన స్థానం ఒకటే: రైతు కొనుగోలుదారుగా కాక అమ్మకందారుగా నిలిచే చోటు. ప్రతి కనెక్షనుకూ ఒక ఉచిత కోటా హక్కుగా నిర్ణయమై, అందులో వాడకుండా మిగిల్చిన యూనిట్లకు ప్రతిఫలం లభించే విధానం అటువంటిది. పంజాబ్ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన ‘పానీ బచావో, పైసా కమావో’ పథకం మిగిల్చిన యూనిట్‌కు 4 రూపాయల చొప్పున చెల్లించే ఏర్పాటు చేసింది. గుజరాత్‌లో ఖేడా జిల్లాలోని ఢుండి గ్రామంలో సౌర పంపుల రైతులు సహకార సంఘంగా ఏర్పడి, తమ పొలానికి పోగా మిగిలిన విద్యుత్తును గ్రిడ్‌కు అమ్మారు. ఈ రెండింటిలోనూ ధర ముందే నిర్ణీతం. దానిని రివర్స్ వేలంగా మార్చడం తరువాతి మెట్టు. గ్రిడ్ మీద భారం పెరిగే సాయంత్రాలలో, ఏ ఫీడరు రైతు సంఘం ఎంత ప్రతిఫలానికి తన మోటార్లను రెండు గంటలు ఆపగలదో పంపిణీ సంస్థ అడుగుతుంది. ఇష్టమున్న సంఘాలు పాట పెడతాయి. ఇష్టం లేనివారి హక్కు చెక్కుచెదరదు. పేద రైతు ఇక్కడ నగదు లేక ఓడిపోడు, ఎందుకంటే అతను ఇచ్చేది నగదు కాదు.

అయినా రెండు ప్రమాదాలను ముందే చూడాలి. మొదటిది, అప్పుల వత్తిడిలో ఉన్న రైతు పైరును ఎండబెట్టుకుని అయినా యూనిట్లు అమ్ముకోవచ్చు. అమ్మదగిన భాగానికి పరిమితి పెట్టడం దీనికి విరుగుడు. రెండవది మరింత లోతైనది. విద్యుత్తు కనెక్షను భూయజమాని పేర ఉంటుంది. నీరు కావలసింది కౌలు రైతుకు. యూనిట్లు మిగిల్చినందుకు వచ్చే ప్రతిఫలం యజమాని ఖాతాలో పడితే, మోటారు ఆపినందువల్ల వచ్చే నష్టం కౌలుదారు పైరు మీద పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలుదారుకు కార్డు ఇచ్చే మార్గం చూపింది గాని, విద్యుత్తు కనెక్షనుకూ ఆ కార్డుకూ ముడి పడకపోతే ఈ అన్యాయం తప్పదు. ఎవరి శ్రమ ఎండుతుందో వారి చేతిలోనే నాణెం ఉండాలన్న సూత్రం ఇక్కడ అగ్నిపరీక్షకు నిలుస్తుంది.

ఆక్షేపణలు

వేలం అంటేనే కుమ్మక్కుకు తావని మార్కెట్టు యార్డు ఎరిగిన ప్రతివారికీ తెలుసు. వ్యాపారులు ముందుగానే మాట్లాడుకుని పాట పెరగనీయకపోవడం కొత్త విషయం కాదు. విక్రీ పద్ధతి సైతం నలుగురే పాటదారులుండి, వారు ఒక మాట మీద ఉంటే విఫలమవుతుంది. కనుక ఐదారుగురు మాత్రమే వాడుకునే చిన్న ప్రయోగశాలలో వేలం పెట్టడం అనవసరం. అక్కడ గోడ మీద వంతుల పట్టిక చాలు. పాటదారులు అనేకులై, అవసరాలు భిన్నమై, నిర్వహణ నిష్పాక్షికమైన చోటనే వేలం రాణిస్తుంది.

కొలత లేనిదే కోటా లేదన్నది రెండవ ఆక్షేపణ. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్ల మాట ఎప్పుడు వచ్చినా, ఉచిత విద్యుత్తు రద్దుకు అది తొలిమెట్టని రైతులు అనుమానించారు. ఆ అనుమానాన్ని అజ్ఞానమని త్రోసిపుచ్చడం తగదు. హక్కును ముందు చట్టబద్ధం చేసి, మీటరును తరువాత తేవడమే దానికి సమాధానం. వరుస తారుమారైతే ఎంత మంచి పద్ధతినైనా ప్రజలు నమ్మరు.

విస్తరణ శాస్త్రవేత్త పాత్ర

వేలం నియమాలు ఇంజినీర్లు, అర్థశాస్త్రజ్ఞులు వ్రాయగలరు. వాటిని గ్రామంలో నిలబెట్టగలిగినది విస్తరణ వ్యవస్థ. ఆంధ్రప్రదేశ్ రైతుల స్వీయ భూగర్భజల నిర్వహణ పథకం ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాలలో ఈ విషయాన్ని ఋజువు చేసింది. అక్కడ రైతులే వర్షపాతాన్నీ, బోరుబావుల నీటిమట్టాన్నీ కొలిచి, రబీకి ముందు గ్రామసభలో నీటి లెక్క వేసుకుని పంటలు నిర్ణయించుకున్నారు. అటువంటి నీటి లెక్క వేసుకోగల గ్రామానికి విద్యుత్తు యూనిట్ల లెక్క అసాధ్యమేమీ కాదు. క్షేత్రస్థాయిలో మొదట చేయవలసినది వేలం కాదు, వేలం ఆట. కాగితపు టోకెన్లతో ఒక ఫీడరు రైతులను రెండు మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి, కోటా నిర్ణయం, మిగులు అమ్మకం, సంఘపు పాట అభ్యాసం చేయించవచ్చు. కౌలుదారులు, మహిళా రైతులు ఆ ఆటలో ఎక్కడ నష్టపోతున్నారో అక్కడే కనిపిస్తుంది; నియమాన్ని అక్కడే దిద్దుకోవచ్చు. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది చక్కని పరిశోధనాంశం కూడా.

చేపలకు పాట, నీటికి వంతు అని విభజించిన గ్రామానికి అర్థశాస్త్ర పరిభాష తెలియదు గాని, దేనిని నగదుకు ఒప్పగించవచ్చో, దేనిని ఒప్పగించరాదో తెలుసు. ఆ గ్రామానికి లేనిదల్లా అవసరాల తేడాను కొలిచే సాధనం. అటువంటి సాధనం నేడు అందుబాటులో ఉంది. దానిని వాడేముందు నాణెం పంపకాన్ని సరిచేసుకోవడం పరిశోధన, విస్తరణ రంగాల ఉమ్మడి బాధ్యత.